పాత ఇల్లు కూల్చకండి: కోట పక్కన, వంద మీటర్ల లోపల

మీరు రాసిన సంగతి క్లుప్తంగా ఇదీ. ఖిలా వరంగల్‌లో మీ తాతగారు కట్టిన పెంకుటిల్లు. మట్టి గోడలు, టేకు దూలాలు, నూటయాభై గజాల స్థలం. మొన్నటి వానలకు వెనక గోడ సగం కూలింది. ఎలాగూ కూలింది కదా అని మొత్తం తీసేసి, అంతే కొలతలో పిల్లర్లు లేపి స్లాబు ఇల్లు కట్టుకుందామని మీ ఆలోచన. మున్సిపల్ ఆఫీసుకు వెళితే పురావస్తు శాఖ నుంచి ఎన్‌ఓసీ తెమ్మన్నారు. మేస్త్రీ ఏమో దసరా సెలవుల్లో పాతది నేలమట్టం చేసి నాలుగు రోజుల్లో బేస్‌మెంట్ లేపేద్దాం, కట్టిన ఇంటిని ఎవరు కూలుస్తారు అంటున్నాడు. పక్కాయన రెండంతస్తులు కట్టుకున్నాడు, మనకెందుకు రాదు అని మీ తమ్ముడి కోపం.

నేను హనుమకొండలో ముప్పై ఏళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. కోట చుట్టుపక్కల, వేయి స్తంభాల గుడి చుట్టుపక్కల ఇలాంటి దరఖాస్తులు చాలానే పెట్టించాను. కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. రానివాటిలో ఎక్కువ భాగం మీ మేస్త్రీ చెప్పినట్టు చేసినవాళ్లవే. అందుకని మిగతా విషయాలన్నీ పక్కన పెట్టి ముందు ఒకటి చెప్తాను: ఆ ఇంటి మీద గునపం వేయకండి. మిగిలిన మూడు గోడలే మీ ఆస్తి. అవి నిలబడి ఉన్నంతకాలం మీకు రిపేరు చేసుకునే హక్కు ఉంటుంది. అవి పడిపోయిన రోజు మీ చేతిలో మిగిలేది నూటయాభై గజాల ఖాళీ స్థలం, దాని మీద కట్టడానికి వీల్లేని ఖాళీ స్థలం.

ఎందుకో చెప్తాను. ఇది కొంచెం చట్టం మాట, ఓపిక పట్టండి.

కేంద్ర పురావస్తు శాఖ కింద ఉన్న కట్టడాలకు 1958 నాటి చట్టం ఒకటి ఉంది. 1992 జూన్ 16న ఆ చట్టం కింద ఒక నోటిఫికేషన్ వచ్చింది. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, అక్కడి నుంచి ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం అని. ఆ తర్వాత కూడా కొన్నేళ్లు ఢిల్లీలో ఒక నిపుణుల కమిటీ కూర్చుని, వంద మీటర్ల లోపల సైతం కొందరికి అనుమతులు ఇస్తూ వచ్చింది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఆ కమిటీకి చట్టంలో చోటే లేదని తేల్చింది. దాంతో 2010లో చట్టాన్ని సవరించి, వంద మీటర్ల గీతను నోటిఫికేషన్ నుంచి తీసి చట్టంలోకే ఎక్కించారు. అప్పటి నుంచి వంద మీటర్ల లోపల కొత్త కట్టడానికి అనుమతి ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. మంత్రిగారి సిఫారసు ఉత్తరం తెచ్చినా లేదు. కేంద్రం తన సొంత ప్రజా పనుల కోసం కొంత వెసులుబాటు కావాలని తెచ్చిన సవరణ బిల్లును 2018 జనవరిలో లోక్‌సభ ఆమోదించింది గానీ అది రాజ్యసభ దాటలేదు. రోడ్లకే దిక్కులేనప్పుడు మన ఇళ్ల మాట చెప్పేదేముంది.

ఈ చట్టంలో మూడు మాటలున్నాయి. అందరూ బోల్తా పడేది అక్కడే. నిర్మాణం, పునర్నిర్మాణం, మరమ్మతు. కొత్తగా కట్టడం, ఉన్నదానికి పక్కకో పైకో పెంచడం నిర్మాణం. పాతదాన్ని తీసేసి అదే పొడవు, అదే వెడల్పు, అదే ఎత్తులో మళ్లీ కట్టడం పునర్నిర్మాణం. ఉన్న కట్టడంలో మార్పులు చేసుకోవడం మరమ్మతు, అందులో మొదటి రెండూ కలవవు. వంద మీటర్ల లోపల మొదటిది కుదరదు, రెండోదీ కుదరదు, మూడోది మాత్రమే కుదురుతుంది. “అంతే కొలతలో కడతాం, ఒక్క అంగుళం కూడా పెంచం” అని మీరు నిజాయితీగా రాశారు చూడండి, ఆ వాక్యం అచ్చంగా చట్టంలో పునర్నిర్మాణానికి ఉన్న నిర్వచనమే. దరఖాస్తులో అలాగే రాస్తే మీ చేత్తో మీరే తిరస్కరణ రాసిచ్చినట్టు.

మరమ్మతుకు కూడా ఒక షరతు ఉంది. ఆ ఇల్లు 1992 జూన్ 16కు ముందు నుంచీ ఉండాలి, లేదా ఆ తర్వాత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ అనుమతితో కట్టినదై ఉండాలి. మీది తాతగారి ఇల్లు కాబట్టి మొదటి గట్టు దాటినట్టే. కాకపోతే అది కాగితం మీద చూపించాలి. దాని సంగతి తర్వాత.

ఇప్పుడు మీ మేస్త్రీ సలహా. పదేళ్ల కిందట కోట దగ్గరే ఒకాయన అచ్చం ఇలాగే చేశాడు. పేరు అనవసరం. పండగకు ముందు రోజు జేసీబీ పెట్టి మధ్యాహ్నానికల్లా ఇల్లు చదును చేయించాడు. మూడో రోజుకు బేస్‌మెంట్ లేచింది, పిల్లర్ల ఇనుము నిలబడింది. నాలుగో రోజు పొద్దున పని ఆపమని నోటీసు, ఆ వెనకే కేసు. నన్ను పిలిపించాడు. నేను వెళ్లేసరికి ఆయన ఆ ఇనుప చువ్వల మధ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. “పాత ఇంటి ఫొటో ఏదన్నా ఉందా?” అని అడిగితే లేదన్నాడు. పాత ఇల్లు లేదు, ఉందన్న రుజువు లేదు, మరమ్మతు అని రాయడానికి అక్కడ మరమ్మతు చేయాల్సింది ఏమీ లేదు. ఇప్పటికీ ఆ చువ్వలు తుప్పు పట్టి అలాగే ఉన్నాయి. ఆయన కుటుంబం కరీమాబాద్‌లో కిరాయికి ఉంటోంది. చట్టంలో శిక్ష రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. ఆయనకు జైలేమీ పడలేదు. ఇల్లు లేకపోవడమే పడింది.

పక్కాయన సంగతి కూడా తేల్చేద్దాం. ఆయన 1992కు ముందు కట్టి ఉండొచ్చు, మధ్యకాలంలో ఆ కమిటీ అనుమతి తెచ్చుకుని ఉండొచ్చు, లేదా ఆయన ఇల్లు గీత అవతల ఉండొచ్చు. ఏ అనుమతీ లేకుండా కట్టినా ఆశ్చర్యం లేదు. ఆయన తప్పించుకున్నాడని చూపిస్తే మీకు అనుమతి రాదు, ఆయనకు నోటీసు వస్తుంది. తర్వాత ఆ వీధిలో మీరు ఎలా బతుకుతారో ఆలోచించుకోండి. మీ తమ్ముడికి ఈ ముక్క మెల్లగా చెప్పండి.

ఇంకో రెండు ఉచ్చులు కూడా చెప్పాలి. ఒకటి టీజీ-బీపాస్, ఇంటి అనుమతులు ఆన్‌లైన్‌లో ఇచ్చే రాష్ట్ర ప్రభుత్వ పద్ధతి. 75 గజాల లోపు స్థలమైతే రూపాయి కట్టి రిజిస్టర్ చేసుకుంటే సరిపోతుంది, 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు దాటకపోతే స్వీయ ధ్రువీకరణతో వెంటనే అనుమతి వస్తుంది. నూటయాభై గజాలకు కంప్యూటర్ ఠక్కున కాగితం ఇచ్చేస్తుంది. ఆ కాగితం చూసి మురిసిపోయినవాళ్లను చూశాను. స్వీయ ధ్రువీకరణ అంటే “ఇక్కడ ఏ ఆంక్షలూ లేవు” అని మీరు సంతకం పెట్టినట్టు. రేపు కేసు అయితే ఆ సంతకమే మీ మెడకు చుట్టుకుంటుంది. రెండోది ఇందిరమ్మ ఇల్లు. ఐదు లక్షలు మంజూరైన కాగితం చేతిలో ఉంటే అనుమతి ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. అది డబ్బు మంజూరు మాత్రమే, కేంద్ర చట్టం ముందు అనుమతి కాదు. పైగా బేస్‌మెంట్ లేస్తేనే మొదటి విడత డబ్బు. అంటే పాత ఇల్లు కూల్చాకే పైసలు కనిపిస్తాయి. మీ విషయంలో అది ఎంత ప్రమాదమో పైన చెప్పాను.

సరే, ఇక దూరం. మీరు “దాదాపు తొంభై మీటర్లు ఉంటుంది” అని రాశారు. దేని నుంచి కొలిచారు? కీర్తి తోరణాల నుంచా, రాతికోట గోడ నుంచా? వంద మీటర్లు లెక్కపెట్టేది కనిపించే గుడి నుంచో తోరణం నుంచో కాదు, నోటిఫికేషన్‌లో ఉన్న రక్షిత ప్రాంతం హద్దు నుంచి. తోరణాలు ఇంత దూరంలో ఉన్నాయి కదా, మనం బయటే అనుకుని ఇల్లు మొదలుపెట్టి, తీరా చూస్తే హద్దు ఇంటి వెనకే ఉన్నట్టు తేలినవాళ్లున్నారు. ఉల్టా కూడా జరుగుతుంది. ఒకసారి ఒకావిడ తమ ఇల్లు నిషేధిత ప్రాంతంలోనే ఉందని ఇరవై ఏళ్లు పైకప్పు కూడా మార్చకుండా కూర్చుంది. టేపు పట్టుకుని కొలిస్తే, ఆ తర్వాత మిషన్‌తో కొలిపిస్తే 112 మీటర్లు వచ్చింది. ఆమె ఎన్‌ఓసీ తెచ్చుకుని ఇప్పుడు కొత్త ఇంట్లో ఉంది.

అందుకని ఆఫీసుకు వెళ్లే ముందే సర్వే నంబరు పట్టుకుని, మీ స్థలం ఏ ప్రాంతంలో పడుతుందో చూసుకోండి. ఇస్రో వాళ్లు చేసిన స్మారక్ అనే ఫోన్ యాప్ ఉంది, మీ స్థలంలో నిలబడి చూస్తే నిషేధితమా నియంత్రితమా అన్నది సుమారుగా తెలుస్తుంది. సుమారుగానే. తొంభై, నూటపది లాంటి అంచు లెక్కలకు ఫోన్ జీపీఎస్‌ను నమ్మకండి, కొన్ని మీటర్లు అటూఇటూ అవుతుంది. లైసెన్స్ ఉన్న సర్వేయర్‌తో కొలిపించి, మీ స్థలంలో కోటకు దగ్గరగా ఉన్న మూల నుంచి దూరం వేయించండి. ఒకవేళ మీ ఇల్లు రక్షిత ప్రాంతం హద్దు లోపలే ఉంటే ఇది వేరే కథ, అక్కడ యజమాని కూడా కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఏమీ కట్టకూడదు. మధ్యకోట, పడమరకోటల్లో అలాంటి ఇళ్లున్నాయి కాబట్టి ముందే తేల్చుకోవడం మంచిది.

మీది తొంభై మీటర్లే అనుకుని మిగతాది రాస్తున్నాను.

కాగితాలు. 1992కు ముందు ఇల్లు ఉందని చూపించడానికి ఒక్క కాగితం చాలదు, నాలుగైదు చిన్నవి కలిపితే బలం వస్తుంది. పాత ఇంటి పన్ను రశీదులు, తాతగారి పేరున కరెంటు మీటరు పెట్టినప్పటి బిల్లు, ఆ ఇంటి నంబరు ఉన్న పాత ఓటరు జాబితా, పక్కింటివాళ్ల రిజిస్ట్రేషన్ దస్తావేజు. ఈ చివరిది చాలామందికి తట్టదు. పక్క స్థలం 1985లోనో 88లోనో అమ్ముడై ఉంటే, దాని హద్దుల్లో “తూర్పు: ఫలానా వారి పెంకుటిల్లు” అని ఉంటుంది. ఫలానా వారంటే మీ తాతగారే. ఇంతకు మించిన సాక్ష్యం ఉండదు, ఎందుకంటే అది మీరు రాయించుకున్నది కాదు.

గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు తీస్తాం అని కుర్రాళ్లు అంటారు. మన ఊళ్లకు ఇల్లు పోల్చుకునేంత స్పష్టమైన ఉపగ్రహ చిత్రాలు 2000 తర్వాతివే. 1992కు అవి పనికిరావు. కానీ ఇల్లు ఇన్నేళ్లుగా అదే ఆకారంలో ఉంది, పెంచలేదు అని చూపించడానికి పనికొస్తాయి, పెట్టండి. అంతకన్నా పెళ్లి ఫొటోలు వెతకండి. ఒక దరఖాస్తులో నేను పెట్టించిన అసలు రుజువు 1989 నాటి పెళ్లి ఫొటో. ఇంటి ముందు తాటాకు పందిరి, పసుపు రాసిన గడప, పక్కన అరుగు, అరుగు మీద కూర్చున్న ముసలాయన, పైన వరుసగా గూనపెంకులు. ఫొటో వెనక స్టూడియో ముద్ర, తేదీ. ఇప్పటి ఇంటిని అదే కోణంలో ఫొటో తీసి రెండూ పక్కపక్కన అంటించాం. అరుగు అంచున విరిగిన ముక్క కూడా రెండింట్లో ఒకటే.

దరఖాస్తు జాతీయ స్మారకాల ప్రాధికార సంస్థ ఆన్‌లైన్ పోర్టల్‌లో పెట్టాలి. అది ముందు మన రాష్ట్రానికి ఉన్న కాంపిటెంట్ అథారిటీకి, అంటే ఈ చట్టం కింద అనుమతులిచ్చే అధికారికి వెళుతుంది. చట్టం ప్రకారం ఆయన పదిహేను రోజుల్లో ప్రాధికార సంస్థకు పంపాలి, వాళ్లు రెండు నెలల్లో అభిప్రాయం చెప్పాలి, అది వచ్చిన నెలలోపు అనుమతో తిరస్కరణో ఇవ్వాలి. తిరస్కరించే ముందు మీ వాదన వినాలి కూడా. లెక్క చూస్తే మూడు నెలలు, మూడున్నర. నా అనుభవంలో ఐదారు నెలలు పట్టింది. ఆలస్యమంతా ఆఫీసుదే అనను. సగం ఆలస్యం మనం పంపిన డ్రాయింగు సరిగా లేక వెనక్కి వచ్చినందువల్లే.

డ్రాయింగులో వాళ్లు మొట్టమొదట చూసేది ఎత్తు. నేల నుంచి నడికొప్పు దాకా ఎంత? నియంత్రిత ప్రాంతంలో కొత్త ఇంటికైతే మెట్ల గది, పిట్టగోడ, నీళ్ల ట్యాంకు అన్నీ కలిపి లెక్కేస్తారు. ఇల్లు ముప్పై అడుగులే, ట్యాంకు వేరు కదా అంటే వినరు. మీ పెంకుటింటికి కొప్పు ఎత్తు, చూరు ఎత్తు, గోడ మందం, గదుల కొలతలు ఇప్పుడు ఉన్నవి ఉన్నట్టు ఒక షీటులో, మరమ్మతు తర్వాత ఎలా ఉంటుందో ఇంకో షీటులో వేయించండి. రెండు షీట్లలో బయటి గీత, ఎత్తు ఒకదాని మీద ఒకటి పెడితే తేడా కనిపించకూడదు. చేసే పనులన్నీ మాటల్లో రాయండి: కూలిన వెనక గోడ ఇన్ని అడుగులు తిరిగి లేపడం, చెదపట్టిన దూలాలు రెండు మార్చడం, పెంకులు దించి మళ్లీ పరవడం, నేల గచ్చు, లోపల ఉన్న అర్రలోనే ఒక మూల బాత్రూమ్. సెప్టిక్ ట్యాంకుకు గొయ్యి తవ్వేది ఉంటే లోతుతో సహా రాయండి. దాస్తే తర్వాత అదే కేసవుతుంది. మరుగుదొడ్లకు ఈ చట్టంలో మినహాయింపు ఉంది కదా అని ఎవరైనా చెప్తే నమ్మొద్దు, ఆ మినహాయింపు ప్రజా మరుగుదొడ్లకు.

రిపేరులోనే స్లాబు వేయొచ్చా అని మీరు అడుగుతారని తెలుసు, అందరూ అడుగుతారు. చట్టం సంగతి అటుంచండి, ముందు మీ గోడను అడగండి. పెంకు కప్పు కట్టెతో కలిపి చదరపు మీటరుకు వంద కిలోలకు అటూఇటూ ఉంటుంది. ఐదంగుళాల స్లాబు మూడు వందల కిలోలు. మట్టి గోడ ఆ బరువు మోయదు. మోయాలంటే పిల్లర్లు కావాలి, పిల్లర్లకు పునాదులు కావాలి, పునాదులకు గోడలు తీయాలి. అక్కడితో అది రిపేరు కాదు, మీరే ఒప్పుకుంటారు.

ఇప్పుడు ఆ వెనక గోడ. నాకు ఇష్టమైన భాగం ఇదే, కాస్త ఎక్కువ రాస్తే ఏమీ అనుకోకండి.

యాభై అరవై ఏళ్లు నిలబడ్డ మట్టి గోడ ఊరికే కూలదు. మీరు పెట్టిన ఫొటోలో వెనక సందు చూశాను. సీసీ రోడ్డు మీ ఇంటి నేల కన్నా జానెడు పైన ఉంది. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయారు, ఇల్లు కిందికి పోయింది. వాన నీళ్లన్నీ ఆ గోడ మొదట్లో నిలబడుతున్నాయి. గోడకు బయట సిమెంటు ప్లాస్టరు కూడా ఉంది. అది మీ నాన్నగారి కాలంలో చేయించి ఉంటారు. మట్టి గోడ నీళ్లు పీలుస్తుంది, ఎండకు వదులుతుంది. సిమెంటు పూత వేశాక పీల్చినది వదలడానికి దారి లేదు. లోపల్లోపల మెత్తబడి ఒకరోజు కూర్చుంటుంది. మిగతా గోడలను వేలి కణుపుతో కొట్టి చూడండి. గట్టిగా ఠక్కుమంటే మంచిది. డబడబమని బోలుగా మోగితే ప్లాస్టరు గోడను వదిలేసిందని అర్థం.

ఈ సిమెంటు పాపం నేనూ చేశాను. మొదట్లో, కాలేజీ నుంచి వచ్చిన కొత్తలో, ఒక పెంకుటింటికి మట్టి గోడ మీద కోడిమెష్ (సన్న ఇనుప జాలి) కొట్టించి ఒకటికి నాలుగు పాళ్లలో సిమెంటు ప్లాస్టరు చేయించాను. అద్దంలా వచ్చింది. ఇంటాయన తృప్తిగా డబ్బులిచ్చాడు. రెండు వానాకాలాలు కాకముందే మంచం అంత పలక ఊడి నేల మీద పడింది. అదృష్టం, కింద ఎవరూ లేరు. ఆ ఇంటి ముసలమ్మ నన్ను ఏమీ అనలేదు. “సున్నమైతే గోడతో పాటు చస్తది నాయనా, ఇది గోడను సంపుతది” అంది. ఆ మాటను ఆ తర్వాత చాలా పుస్తకాల్లో చదివాను, ఇంకా పొడుగ్గా.

కాబట్టి ముందు నీళ్ల సంగతి చూడండి. వెనక గోడకు అడుగు దూరంలో చిన్న కాలువ తీసి నీళ్లు సందు మొదటికి పోయేలా వాలు పెట్టండి. దరఖాస్తులో ఇదీ రాయండి. తర్వాత కూలిన చోట రాతి అడుగు ఎంతవరకు బాగుందో చూసి, రోడ్డు మట్టం కన్నా రెండడుగులు పైకి వచ్చేదాకా రాయితో కట్టించండి. ఆ పైన మట్టి. కూలిన మట్టిని పారేయొద్దు, చెత్త ఏరి, గడ్డి కలిపి, నానబెట్టి తొక్కించి అదే వాడొచ్చు. ఒక రోజు అడుగున్నరకు మించి లేపకూడదు, అది ఆరాకే పై వరుస. అందుకే ఈ పని దసరా తర్వాత మొదలుపెట్టి ఉగాది లోపు ముగించాలి. పాత గోడ మిగిలిన చోట మొదలు మెత్తబడి ఉంటే ఒకేసారి మూడడుగులకు మించి తవ్వకుండా, ఒక ముక్క కట్టి, అది గట్టిపడ్డాక ఒకటి వదిలి ఇంకోటి. తొందరపడి వరుసగా తీస్తే మూడో గోడ కూడా పోతుంది.

దూలాలు మొత్తం మార్చక్కరలేదు. టేకు దూలం ఎప్పుడూ గోడలోకి దూరిన చివరే కుళ్లుతుంది, నడుమ ఇనుములా ఉంటుంది. ఉలితో పొడిచి చూస్తే ఎక్కడిదాకా మెత్తబడిందో తెలుస్తుంది. అంతవరకు కోసి, కొత్త టేకు ముక్క అతికి, రెండు పక్కలా ఇనుప పట్టీ వేసి బోల్టులు బిగిస్తే ఇంకో తరం మోస్తుంది. విప్పే ముందు ప్రతి దూలానికి, ప్రతి వాసానికి సుద్దతో కాదు, పెయింటుతో నంబరు వేయించండి. నంబర్లు వేసి విప్పి మళ్లీ నిలబెట్టడం మన ఊరికి కొత్త కాదు. వేయి స్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, 2024 మార్చిలో తిరిగి తెరిచారు. మీకు పద్దెనిమిదేళ్లు పట్టదు, మంచి వడ్రంగి దొరికితే పద్దెనిమిది రోజులు చాలు.

పూతకు సున్నమే. రాయి సున్నాన్ని తొట్టిలో వేసి కనీసం మూడు వారాలు నానబెట్టాలి. ఇసుకతో కలిపి బాగా రుబ్బాలి, పలచగా రెండు మూడు పూతలుగా వేయాలి, వారం పది రోజులు గోనె సంచులు కప్పి తడిపుతూ ఉండాలి. కోట పనుల్లో ఏళ్లుగా చేసిన సున్నం కూలీలు చుట్టుపక్కల ఊళ్లలో ఉన్నారు. కోట దగ్గర పని జరుగుతున్నప్పుడు వెళ్లి అడిగితే చెప్తారు. మామూలు మేస్త్రీ “సున్నంలో కొంచెం సిమెంటు కలిపితే గట్టిగుంటది సార్” అంటాడు. కలపనివ్వకండి.

తవ్వేటప్పుడు ఒక జాగ్రత్త. కోట లోపల ఎక్కడ రెండడుగులు తవ్వినా చెక్కిన రాయి తగలడం మామూలే. తగిలితే పని ఆపి, ఫొటో తీసి, పురావస్తు శాఖ వాళ్లకు చెప్పండి. నాణేలు, నగల్లాంటివి దొరికితే 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధి గురించైనా కలెక్టరుకు తెలపాలి. పది రూపాయలు అని నవ్వకండి, చట్టంలో అంకె ఇంకా అదే. చెక్కిన రాతిని తీసుకెళ్లి వాకిట్లో బట్టలుతికే బండగా వేసుకున్నవాళ్లను నేనే చూశాను.

ఇంట్లో మనుషులు పెరిగారు, పెంకుటిల్లు సరిపోదు అని మీరు రాసిందీ నిజమే. దానికి నా సలహా వేరు. మీ బాబాయి వాళ్ల స్థలం అదే వీధి చివర ఉందన్నారు. అది వంద మీటర్లు దాటితే నియంత్రిత ప్రాంతం, అక్కడ ఎన్‌ఓసీ తీసుకుని కొత్త ఇల్లు కట్టుకోవచ్చు, ఎత్తుకు పరిమితి పెడతారు అంతే. పిల్లల గదులు అక్కడ వేయండి. పెంకుటిల్లు అమ్మకు, పండగలకు. ఆ ఇంట్లో ఎండాకాలం మధ్యాహ్నం ఫ్యాను లేకుండా పడుకోగలగడం ఏ స్లాబు ఇంట్లోనూ దొరకదు.

ఇదంతా కేంద్రం రక్షణలో ఉన్న కట్టడాల సంగతి. ఆంధ్రలో లేపాక్షి గుడి పక్కన ఇల్లున్నవారికీ ఇదే చట్టం. రాష్ట్రం రక్షణలో ఉన్నవాటికి ఆంధ్రలో 1960 చట్టం, తెలంగాణలో 2017 వారసత్వ చట్టం ఉన్నాయి, లెక్కలు వేరు. అందుకే ముందు మీ కట్టడం దగ్గరున్న నీలం బోర్డు మీద ఎవరి పేరుందో చదువుకోవాలి. హైదరాబాద్‌లో పాత బంగళాల జాబితాకు ఆధారంగా ఉన్న 13వ నిబంధనను 2015లో తీసేశారు కాబట్టి ఆ బంగళాల వాళ్ల ప్రశ్నలకు ఈ సమాధానం పనికిరాదు.

మీరు రేపు చేయాల్సింది చెప్తాను. పొద్దున్నే వెనక అర్రలో ఉన్న దూలం కింద రెండు సరుగుడు బొంగులు, కింద చెక్క దిమ్మ పెట్టి బిగించండి. కూలిన చోట టార్పాలిన్ కప్పండి, దాని అంచు కాలువ వైపు వచ్చేలా. తర్వాత టేపు పక్కన పట్టుకుని అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి, ఆ రోజు పేపరు కూడా ఫొటోలో పడేలా. అవే ఫొటోలతో, వానకు గోడ కూలింది, రిపేరుకు దరఖాస్తు పెట్టుకుంటున్నాం, అప్పటిదాకా బొంగులు, టార్పాలిన్ మాత్రమే పెట్టాం అని ఒక ఉత్తరం రాసి కోట దగ్గరున్న పురావస్తు శాఖ ఆఫీసులో ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. మేస్త్రీకి అడ్వాన్సు ఇచ్చి ఉంటే వెనక్కి అడగకండి, బొంగులు పెట్టే పని అతనికే ఇవ్వండి. సర్వే కొలతలు వచ్చాక ఆ దూరం ఎంతో రాయండి, డ్రాయింగు ఎలా వేయాలో అప్పుడు చూద్దాం.